ఇల్లు కొనేముందు ఏరియాను ఎంచుకోవడం: నగరమా, శివారా తేల్చుకునే పద్ధతి

ఇల్లు కొనేటప్పుడు గదుల కొలతలు చూస్తాం, గోడల్లో నెర్రెలు వెతుకుతాం, వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో గమనిస్తాం. ఆ ఇల్లు ఉన్న ఏరియాను మాత్రం చాలామంది ఒక సెలవు రోజు మధ్యాహ్నం కారులో ఓ చుట్టు తిరిగి తేల్చేస్తారు. ఇల్లు నచ్చకపోతే గోడ తీసి రెండు గదులు కలుపుకోవచ్చు, వంటగది మార్చుకోవచ్చు. రోజూ పట్టే గంటన్నర ట్రాఫిక్‌ను, వాన పడితే వీధిలో నిలిచే నీళ్ళను, అర్ధరాత్రి లారీల మోతను మన డబ్బుతో బాగుచేసుకోలేం. కాబట్టి ముందు ప్రాంతం తేలాలి, ఆ తర్వాతే ఇళ్ళు చూడాలి.

మరి ఒక ప్రాంతాన్ని దేనితో కొలవాలి? చదరపు అడుగు ధరతోనా, పేరుతోనా? మీ ఇంట్లోవాళ్ళ మామూలు వారం అక్కడ ఎలా గడుస్తుందన్నదే అసలైన కొలత అని నా నమ్మకం. స్నేహితుడికి బ్రహ్మాండంగా కుదిరిన కాలనీ మీకు కుదరకపోవడానికి కారణం ఆ కాలనీలో ఉండదు, మీ వారానికీ ఆయన వారానికీ ఉన్న తేడాలో ఉంటుంది. కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క కొలత చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు మీ వారాన్ని కాగితం మీద పెట్టండి

ఒక పెద్ద కాగితం తీసుకుని ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాయండి. వాళ్ళు వారంలో ఎక్కడెక్కడికి వెళ్తారు, ఎన్నిసార్లు, ఏ వేళకు, దేని మీద వెళ్తారు, ఎవరు దింపుతారు, ఇవన్నీ పక్కన రాయండి. ఆఫీసు, బడి వెంటనే గుర్తొస్తాయి. వదిలేసేవి వేరే ఉంటాయి. నాన్నగారు ప్రతి సాయంత్రం నడిచి వెళ్ళి కలిసే మిత్రులు, అమ్మ నెలనెలా చూపించుకునే డాక్టరు, పిల్లల ట్యూషన్, వారానికోసారి వెళ్ళి చూడాల్సిన బంధువులు.

బండి నడపనివాళ్ళ గురించి ప్రత్యేకంగా ఆలోచించండి. పెద్దవాళ్ళు, పిల్లలు, డ్రైవింగ్ రానివాళ్ళు ఇంట్లో ఉంటే, వాళ్ళు ఎవరి సాయం లేకుండా ఎక్కడెక్కడికి వెళ్ళగలరు అన్నదే ఆ ప్రాంతానికి పెద్ద పరీక్ష. ఇల్లు కొనే చర్చల్లో సంపాదించేవారి ఆఫీసు దూరమే వినిపిస్తుంది. రోజంతా ఆ ఏరియాలో గడిపేది మాత్రం మిగతావాళ్ళు.

ఆ తర్వాత అదే కాగితాన్ని పదేళ్ళు ముందుకు జరపండి. ఇప్పుడు మూడేళ్ళ పాపకు అప్పటికి పదమూడేళ్ళు. ఇవాళ చకచకా మెట్లెక్కే అమ్మ అప్పుడు ఎక్కలేకపోవచ్చు. మీ ఉద్యోగం కూడా మారవచ్చు. అందుకే ఒకే ఆఫీసుకు దగ్గరగా ఉన్న ప్రాంతం కంటే, మీ రంగంలో పనిచేసే సంస్థలు నాలుగైదు ఉన్న చోటికి సులువుగా చేరగలిగే ప్రాంతం మేలు.

2. దేన్ని వదులుకోలేరో ఇప్పుడే గీత గీయండి

ఇంటిల్లిపాదీ విడివిడిగా రెండు జాబితాలు రాయాలి. ఇది లేకపోతే ఆ ఏరియా వద్దే వద్దు అనేవి ఒకటి, ఉంటే బాగుంటుంది అనేవి ఇంకొకటి. విడివిడిగా అని ఎందుకంటున్నానంటే, కలిసి కూర్చుని రాస్తే గట్టిగా మాట్లాడేవాళ్ళ జాబితాయే మిగులుతుంది. రాసినవి పక్కపక్కన పెట్టినప్పుడు భార్యాభర్తల మధ్య కూడా ఊహించని తేడాలు బయటపడతాయి. అవి అడ్వాన్సు ఇచ్చాక కంటే ఇప్పుడు బయటపడటమే మంచిది.

మొదటి జాబితాలో నాలుగైదుకు మించి ఉంచకండి. పది ఉంటే ఏ ఏరియా మిగలదు, చివరికి విసిగి దేనికో ఒకదానికి ఒప్పేసుకుంటారు. ఇదంతా ఒక్క ఇల్లు కూడా చూడకముందే జరగాలి. అందమైన బాల్కనీ కంటపడ్డాక గీతలన్నీ చెరిగిపోతాయి.

3. ఇంటి ధరకు దారి ఖర్చు కలపండి

నగరం నడిబొడ్డున భూమి ఎందుకు ఖరీదు, దూరం వెళ్ళేకొద్దీ ఎందుకు చవక అన్నదానికి విలియం అలొంజో అనే ఆర్థికవేత్త 1964లో ఒక స్పష్టమైన వివరణ ఇచ్చాడు. కేంద్రానికి దగ్గరగా ఉండేవారికి ప్రయాణ ఖర్చు మిగులుతుంది, ఆ మిగులు కోసం పోటీపడటం వల్ల అక్కడ భూమి ధర పెరుగుతుంది. దూరంగా కొన్నవారు భూమి మీద ఆదా చేసి ప్రయాణం మీద చెల్లిస్తారు. అంటే శివారులో తగ్గినట్టు కనిపించే ధరలో కొంత భాగాన్ని మీరు ప్రతినెలా వాయిదాల్లో కడుతూనే ఉంటారు. కాకపోతే అది ఈఎంఐ చీటీ మీద కనపడదు.

దాన్ని కనపడేలా చేయడం కష్టం కాదు. ప్రతి ఏరియాకు నెలవారీ లెక్క ఒకటి వేయండి: ఈఎంఐ, ఆస్తి పన్ను, మెయింటెనెన్స్, నీళ్ళ ఖర్చు, ఇంట్లో అందరి ప్రయాణ ఖర్చు, అక్కడికి మారితే అదనంగా కొనాల్సి వచ్చే రెండో వాహనం, దాని ఇన్సూరెన్స్, మరమ్మతులు. అమెరికాలోని చికాగోలో ఉన్న సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ కొన్నేళ్ళుగా ఇలాగే ఇంటి ఖర్చునూ ప్రయాణ ఖర్చునూ కలిపి లెక్కిస్తోంది. ఆ రెండూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకపోతేనే ఆ చోటు భరించగలిగేదని వాళ్ళ కొలమానం. అంకె మీ పరిస్థితిని బట్టి మారవచ్చు, రెండింటినీ కలిపి చూసే పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

ఇంకో లెక్క కూడా చెబుతాను, ఇది చాలామంది నిర్ణయాన్ని తిప్పేస్తుంది. 8 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు తీసుకున్న అప్పులో నెలకు 1,000 చొప్పున కడితే, ఏ కరెన్సీ అయినా సరే, దాదాపు 1,19,500 అసలు తీరుతుంది. అంటే దగ్గరి ప్రాంతంలో ఉండటం వల్ల ప్రయాణం మీద నెలకు 1,000 మిగిలితే, అక్కడ ఇల్లు సుమారు 1,19,500 ఎక్కువ ధర ఉన్నా మీ నెలసరి భారం సమానమే. మీ బ్యాంకు వడ్డీ రేటుతో ఈ లెక్క మళ్ళీ వేసుకోండి. ఖరీదు అనుకుని పక్కనపెట్టిన కాలనీ ఒక్కోసారి తిరిగి జాబితాలోకి వస్తుంది.

ధరలు పోల్చేటప్పుడు ప్రకటనల్లోని ధరను కాక, నిజంగా రిజిస్టరైన ధరను తెలుసుకోండి. రెండు చోట్లా ఒకే రకం కొలత వాడుతున్నారో లేదో కూడా చూడండి. గోడల లోపలి విస్తీర్ణం ఒక దగ్గర, మెట్లు, వరండాలు కలిపిన విస్తీర్ణం ఇంకో దగ్గర చెబితే చదరపు అడుగు ధరలు పోల్చినా ఉపయోగం లేదు.

4. పోటీకి మూడు రకాల ప్రాంతాలను నిలపండి

ఒకే దిక్కున ఉన్న రెండు కొత్త వెంచర్లను పోల్చి ప్రాంతాలను పోల్చామనుకోవడం తరచూ జరుగుతుంది. నగరం లోపలి పాత కాలనీ ఒకటి, ఇప్పటికే బాగా స్థిరపడిన శివారు ఒకటి, ఇప్పుడిప్పుడే లేస్తున్న శివారు ఒకటి తీసుకోండి. పాత కాలనీలో ఇల్లు చిన్నదవుతుంది, లేదా పాతబడి ఉంటుంది. అయినా దాన్ని జాబితాలో ఉంచండి. మిగతా రెండు చోట్ల దేన్ని వదులుకుంటున్నారో దాని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

5. ప్రయాణం: అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

ఒక వైపు 25 నిమిషాలు పట్టే చోటుకూ 65 నిమిషాలు పట్టే చోటుకూ తేడా 40 నిమిషాలే అనిపిస్తుంది. రానూపోనూ 80 నిమిషాలు. ఏడాదిలో 240 పనిదినాలు వేసుకుంటే 320 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే అవి 40 పనిదినాలు! జీతం లేకుండా ఏటా 40 రోజులు పనిచేయమంటే ఎవరూ ఒప్పుకోరు, ఇంటి విషయంలో మాత్రం లెక్క వేయకుండానే ఒప్పేసుకుంటాం.

మనుషులు రోజుకు దాదాపు గంట ప్రయాణాన్ని సహజంగా సర్దుకుంటారని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశాడు. వాహనాల వేగం పెరిగితే మనం సమయం మిగుల్చుకోం, మరింత దూరం వెళ్ళి కాపురం పెడతాం అని ఆయన గమనించాడు. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలాయిస్ స్టుట్సర్, బ్రూనో ఫ్రై జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి ఇంకో సంగతి తేల్చారు. ఎక్కువసేపు ప్రయాణించేవాళ్ళు దానికి బదులుగా పెద్ద ఇల్లో, మంచి జీతమో పొందుతున్నా, జీవితం పట్ల వాళ్ళ సంతృప్తి తక్కువగానే ఉంది. పెద్ద ఇంటికి మనం కొన్నాళ్ళలో అలవాటుపడిపోతాం. ట్రాఫిక్‌కు అలా అలవాటుపడలేం, ఎందుకంటే అది రోజుకో రకంగా ఉంటుంది.

కాబట్టి కిలోమీటర్లు పట్టించుకోకండి, నిమిషాలు కొలవండి. మ్యాప్ యాప్‌లో బయలుదేరే సమయాన్ని ఉదయం రద్దీ వేళకు, తిరిగొచ్చే సమయాన్ని సాయంత్రం రద్దీ వేళకు పెట్టి చూడండి. యాప్ కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపిస్తే గరిష్ఠాన్నే రాసుకోండి. సగటు 45 నిమిషాలైనా వారంలో ఒకరోజు 80 పట్టే దారి ఉంటే, ఆఫీసుకు వేళకు చేరాలంటే మీరు రోజూ 80 చేతిలో ఉంచుకునే బయలుదేరాలి. టెన్షన్ అంతా ఆ అనిశ్చితిలోనే ఉంటుంది.

యాప్‌తో ఆపేయకండి. పనిరోజున, రద్దీ వేళలో, రెండు వైపులా స్వయంగా వెళ్ళి రండి. ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసులో మీ కుర్చీ దాకా గడియారం చూడండి. బండి తీయడం, గేటు దాటడం, పార్కింగ్ వెతకడం, లిఫ్టు కోసం నిలబడటం అన్నీ అందులో రావాలి. బస్సు, రైలు అయితే స్టేషన్ దాకా చేరే దూరాన్ని, దిగాక నడిచే దూరాన్ని కలపండి. రైలు 20 నిమిషాల్లో చేరుస్తుందన్నది నిజమే కావచ్చు, ముందూ వెనకా కలిపి అది గంట కావచ్చు.

బస్సులు ఎంతసేపటికొకటి వస్తాయన్నది బస్సు ఉందా లేదా అన్నదానికంటే ముఖ్యం. పది నిమిషాలకొకటి ఉంటే వేళలు చూసుకోకుండా ఇంట్లోంచి బయటపడవచ్చు. అరగంటకొకటి ఉంటే తోచినప్పుడు వెళ్ళి నిలబడితే సగటున పావుగంట, కళ్ళ ముందే వెళ్ళిపోతే అరగంట ఎదురుచూడాలి. చివరి బస్సు ఎన్నింటికో అడగండి. అది రాత్రి తొమ్మిదికే అయితే, ఇంట్లో సెకండ్ షిఫ్టు చేసేవాళ్ళకు ఆ బస్సు లేనట్టే.

ఆ ఏరియా నుంచి బయటపడటానికి ఎన్ని దారులున్నాయో కూడా మ్యాప్‌లో చూడండి. ఒకే వంతెన, ఒకే రైల్వే గేటు, లేదా ఒకే మెయిన్ రోడ్డు మీద ఆధారపడిన శివారులు చాలా ఉంటాయి. అక్కడ ఒక లారీ చెడిపోతే వేలమంది ఇళ్ళకు చేరలేరు. అంబులెన్స్ కూడా అదే వరుసలో నిలబడుతుంది. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు, రెండో దారి లేని ఏరియాకు గట్టిగా మార్కులు తగ్గించాలి.

కొత్త రోడ్డు వస్తోంది, ట్రాఫిక్ తగ్గిపోతుంది అని అమ్మేవాళ్ళు చెబుతారు. జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల సమాచారంతో 2011లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద రహదారుల లేన్ల మొత్తం పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద వాహనాల ప్రయాణం కూడా దాదాపు అంతే శాతం పెరిగిందని తేలింది. రోడ్డు ఖాళీగా కనిపించగానే దాని వెంట కొత్త ఇళ్ళు లేస్తాయి, కొత్త బండ్లు ఎక్కుతాయి. ఇవాళ 30 నిమిషాలు పట్టే కొత్త రహదారి మీద పదేళ్ళ తర్వాత కూడా 30 నిమిషాలే పడుతుందని లెక్క వేసుకోకండి.

6. నీళ్ళు: ఎక్కువైతే ఎలా, తక్కువైతే ఎలా

రెండు ప్రశ్నలూ ఒకే ఏరియాకు వర్తించవచ్చు. వానాకాలంలో మునిగి, ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలు ఉన్నాయి.

ముందు ముంపు సంగతి. ఆ నేల ఒకప్పుడు ఏమిటో తెలుసుకోండి. యూరోపియన్ కమిషన్‌కు చెందిన జాయింట్ రీసెర్చ్ సెంటర్ తయారుచేసిన గ్లోబల్ సర్ఫేస్ వాటర్ అనే ఉచిత వెబ్ పటంలో 1984 నుంచి ఉపగ్రహ చిత్రాల్లో ఎక్కడెక్కడ నీళ్ళు నిలిచాయో ప్రపంచమంతటికీ చూడవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలను ఏడాది తర్వాత ఏడాది వెనక్కి జరిపి చూస్తే, ఇప్పుడు ఇళ్ళున్న చోట చెరువు అంచో, వాగో కనపడవచ్చు. వాగును పూడ్చినా వాన నీటికి దాని పాత దారి గుర్తే, నేల వాలు మారదు కదా. గూగుల్ ఎర్త్‌లోనే ఆ వీధి ఎత్తునూ చుట్టుపక్కల వీధుల ఎత్తునూ పోల్చండి. చుట్టూ కంటే రెండు మూడు మీటర్లు పల్లంలో ఉంటే అనుమానించాల్సిందే.

వరద పటాల్లో నూరేళ్ళకోసారి వచ్చే వరద అన్న మాట కనిపిస్తే, మన జీవితకాలంలో రాదులే అనుకోకండి. ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం 1 శాతం అని దాని అర్థం. 30 ఏళ్ళు అక్కడ ఉంటే ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. పైగా ఎగువన పొలాలు, ఖాళీ జాగాలు పోయి కాంక్రీటు వచ్చేకొద్దీ ఇంకే నీరు తగ్గి, పారే నీరు పెరుగుతుంది. పాత పటం గీసిన నాటి అంచనా ఇప్పటికి సరిపోకపోవచ్చు.

ఇక కాళ్ళతో వెళ్ళి చూడాల్సినవి. కాంపౌండు గోడల మీద అడుగున ఒకే ఎత్తులో మరక గీతలా ఉందా? పాత ఇళ్ళ గుమ్మాలకు అడ్డంగా చిన్న గట్లు కట్టుకున్నారా? రోడ్డు కంటే ఇళ్ళు కిందికి దిగిపోయాయా? వీధి మూల దుకాణం ఆయన్నో, వాచ్‌మన్‌నో, ఇస్త్రీ చేసే ఆయన్నో అడగండి. ఇక్కడ నీళ్ళు వస్తాయా అని అడిగితే లేదండీ అంటారు. పోయిన పెద్ద వానకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అని అడిగితే చేత్తో చూపిస్తారు. కుదిరితే భారీ వాన పడ్డ రోజే వెళ్ళండి, ఆ ఒక్కసారి చూసినది పది మాటలకంటే ఎక్కువ చెబుతుంది.

నీటి సరఫరాకు వస్తే, పైపులైను ఉందా అన్నది సగం ప్రశ్నే. రోజుకు ఎంతసేపు వస్తుంది, ఎండాకాలంలో ఎంత తగ్గుతుంది, బోరు ఎంత లోతు, గడిచిన కొన్నేళ్ళలో దాన్ని మళ్ళీ లోతు చేశారా, నెలకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తున్నారు అని అడగండి. అపార్టుమెంటు సంఘం దగ్గర ఎండాకాలపు ఖర్చుల లెక్క ఉంటుంది, అది చూపించమనండి. మురుగు నీరు ఎక్కడికి పోతుందో కూడా అడగాలి. కొత్త శివారుల్లో ఇళ్ళు ముందు వస్తాయి, డ్రైనేజీ తర్వాత వస్తుంది. ఆ తర్వాత అన్నది ఎన్నేళ్ళో ఎవరూ రాసివ్వరు.

7. గాలి, శబ్దం

వీటిని చూడటానికి పగలు సరిపోదు. యూరప్ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోడ్డు రవాణా శబ్దం పగలు, రాత్రి కలిపిన సగటున 53 డెసిబెల్స్ లోపు, రాత్రి వేళ 45 లోపు ఉండాలి. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పదింతలవుతుంది, చెవికి సుమారు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. ఫోన్ యాప్‌లు కచ్చితమైన అంకె ఇవ్వవు, అయితే ఒకే ఫోన్‌తో అన్ని చోట్లా ఒకే వేళకు కొలిస్తే ఏది ఎక్కువో ఏది తక్కువో తెలుస్తుంది. రాత్రి పదకొండు తర్వాత పడకగది కిటికీ తెరిచి పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. లారీలు, రైలు కూత, విమానాలు, ఫంక్షన్ హాలు, ఫ్యాక్టరీ యంత్రం, ఏదుంటే అది వినపడుతుంది.

గాలి విషయంలో పీఎం 2.5 అనే సన్నటి ధూళిని చూడండి. దాని వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. చాలా నగరాలు దానికి దరిదాపుల్లో లేవు, కాబట్టి ఆ అంకె కోసం వెతక్కుండా మీ జాబితాలోని ప్రాంతాలను ఒకదానితో ఒకటి పోల్చండి. డంపింగ్ యార్డు, రాళ్ళ క్వారీ, కర్మాగారం ఉంటే దూరంతో పాటు గాలి ఏ నెలల్లో ఎటు వీస్తుందో చూడాలి. గాలివాలుకు ఉన్న మూడు కిలోమీటర్లు, ఎదురుగాలికి ఉన్న మూడు కిలోమీటర్లు ఒకటి కావు.

8. నడిచి చూడండి

మామూలు నడకలో పది నిమిషాలకు 800 మీటర్లు వెళ్తాం. ఆ దూరంలో కూరగాయలు, మందుల షాపు, బస్టాపు, పిల్లలు ఆడుకునే చోటు ఉన్నాయా? మ్యాప్‌లో గీత గీసి చూడకండి. ప్రహరీ గోడల వల్ల, ఒకే గేటు ఉన్న లేఅవుట్ల వల్ల 400 మీటర్ల దూరంలోని షాపుకు కిలోమీటరున్నర చుట్టుతిరగాల్సి రావచ్చు. ఫుట్‌పాత్ ఉందో లేదో, ఉంటే నడవనిచ్చేలా ఉందో, మెయిన్ రోడ్డు ఎలా దాటుతారో స్వయంగా చేసి చూడండి. వీలైతే పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళండి, పసిపిల్లలుంటే వాళ్ళ బండి తోసుకుంటూ వెళ్ళండి.

భద్రత గురించి ఏజెంటు చెప్పే మాటకంటే చీకటి పడ్డాక వీధి చెప్పేది నమ్మదగినది. పట్టణాల మీద జీవితమంతా రాసిన జేన్ జేకబ్స్ 1961లోనే చెప్పింది, వీధి మీద మనుషుల చూపు ఉన్న చోట భద్రత ఉంటుందని. రాత్రి తొమ్మిదికి దుకాణాలు తెరిచి ఉన్నాయా, ఆడవాళ్ళు ఒంటరిగా నడుస్తున్నారా, లైట్లు వెలుగుతున్నాయా? ఇంట్లోని ఆడవాళ్ళు నడిచి చూసి చెప్పిన అభిప్రాయానికే ఇక్కడ విలువ.

బడుల విషయంలో పేరుకంటే సీటు దొరుకుతుందా, మీ పిల్లల తరగతిలో ఖాళీలున్నాయా, బడి బస్సు ఎన్నింటికి ఎక్కించుకుంటుంది అన్నవి ముందు అడగండి. ఉదయం ఆరున్నరకే ఎక్కాల్సి వస్తే ఆ పాప నిద్ర ఎంత మిగులుతుందో లెక్కించండి. ఆసుపత్రికి ఒకే ప్రశ్న: రాత్రి రెండింటికి అత్యవసర వైద్యం దొరికే చోటికి ఎన్ని నిమిషాలు?

9. రేపు ఏం వస్తుందో, ఏం రాకపోవచ్చో

శివారుల్లో అమ్మేది సగం ఇల్లు, సగం భవిష్యత్తు. మెట్రో వస్తుంది, పార్కు వస్తుంది, పెద్ద ఆసుపత్రి వస్తుంది అంటారు. ఇలాంటివన్నీ మూడు కుప్పలుగా వేయండి: మాట వరకే ఉన్నవి, అనుమతితో పాటు డబ్బు కూడా కేటాయించినవి, నేల మీద పని నడుస్తున్నవి. మొదటి కుప్పకు సున్నా వేయండి. రెండోదానికి చెప్పిన గడువు కంటే చాలా ఆలస్యమవుతుందనే లెక్కతో కొద్దిగా విలువ ఇవ్వండి. మూడోదాన్ని మాత్రమే నిజంగా లెక్కలోకి తీసుకోండి. నా సలహా ఇంకొంచెం కఠినంగా ఉంటుంది: ఈ రోజున్నట్టుగానే ఆ ఏరియా ఐదేళ్ళు ఉండిపోయినా మీరు అక్కడ ఉండగలరా? ఉండలేమనిపిస్తే కొనకండి.

వచ్చే మంచిని ఏజెంటు చెబుతాడు, వచ్చే చెడును మీరే వెతకాలి. స్థానిక సంస్థ దగ్గర మాస్టర్ ప్లాన్ పటం తీసుకుని పక్కనున్న ఖాళీ స్థలం దేనికి కేటాయించారో చూడండి. కిటికీలోంచి కనిపించే పచ్చటి పొలం పరిశ్రమలకో, ముప్పై అంతస్తుల భవనానికో, వంద అడుగుల రోడ్డుకో రాసిపెట్టి ఉండవచ్చు. మీ ఇంటి ముందు రోడ్డు విస్తరణ గీత ఎక్కడిదాకా వస్తుందో కూడా అదే పటంలో ఉంటుంది. ఆ ప్రాంతం ఏ పాలక సంస్థ కిందికి వస్తుందో, పన్నులు, చెత్త సేకరణ, వీధి దీపాలు ఎవరి బాధ్యతో తెలుసుకోండి. రెండు సంస్థల సరిహద్దు మీద ఉన్న కాలనీల్లో పనులు ఇటూ అటూ తిరుగుతూ ఉంటాయి.

తిరిగి అమ్మాల్సి వస్తే ఎలా అన్నది కూడా ఇక్కడే చూసుకోండి. సాయంత్రం ఏడింటికి ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో చూడండి. అమ్ముడైనవన్నీ పెట్టుబడికి కొన్నవే అయితే సగం కిటికీలు చీకటిగా ఉంటాయి. అలాంటి చోట ఒకేసారి చాలామంది అమ్మకానికి పెట్టినప్పుడు ధర నిలవదు. ఏడాది అద్దెను ఇంటి ధరతో భాగించి ఏరియాలవారీగా రాసుకోండి. ధర పెరిగి అద్దె పెరగని చోట కొనేవాళ్ళున్నారు గానీ ఉండేవాళ్ళు తక్కువని అర్థం.

10. అంకెల్లో పెట్టండి, తర్వాత అంకెలను కదపండి

ముందు రెండో మెట్టులో గీసిన గీత దాటలేని ప్రాంతాలను తీసేయండి. ఏటా మునిగే వీధికి మిగతా అన్నిట్లో పదికి పది వచ్చినా లాభం లేదు, మొత్తంలో ఆ లోపం దాగిపోతుంది. మిగిలినవాటికే మార్కులు వేయండి.

ఒక ఉదాహరణ. ప్రయాణానికి 30, నీళ్ళు, ముంపుకు 25, నడకకు 20, బడికి 15, ప్రశాంతతకు 10 చొప్పున మొత్తం 100 ప్రాధాన్యం పంచారనుకుందాం. నగరంలోని పాత కాలనీకి వరుసగా పదికి 8, 6, 9, 7, 4 వేశారు. శివారుకు 4, 8, 4, 7, 9 వేశారు. ప్రాధాన్యంతో గుణించి కూడితే పాత కాలనీకి 715, శివారుకు 595 వస్తాయి. తేడా స్పష్టంగా ఉంది. ఇప్పుడు అదే ఇంట్లో ఇద్దరూ ఎక్కువ రోజులు ఇంటి నుంచే పనిచేస్తారనుకోండి. ప్రయాణం 15కు దిగుతుంది, ప్రశాంతత 25కు పెరుగుతుంది. మళ్ళీ కూడితే పాత కాలనీకి 655, శివారుకు 670. మార్కులు ఒక్కటి కూడా మారలేదు, గెలిచిన ఏరియా మారిపోయింది.

అందుకే ఒకసారి కూడి ఆపకండి. ఉద్యోగం మారితే, ఇంటి నుంచి పని ఆగిపోతే, పెద్దవాళ్ళు వచ్చి మీతో ఉంటే అని రెండు మూడు రకాలుగా ప్రాధాన్యాలు మార్చి చూడండి. ఎలా మార్చినా ముందుండే ప్రాంతం ఉంటే మీ పని తేలిక. మార్చినప్పుడల్లా ఫలితం తారుమారైతే, ఏ ఒక్క విషయం దాన్ని తిప్పుతోందో గుర్తించి, దాని గురించే మరింత సమాచారం సేకరించండి. ఇంట్లో ఒక్కొక్కరూ విడిగా మార్కులు వేస్తే ఇంకా మంచిది. ఒకరు 9, ఇంకొకరు 3 వేసిన గడి దగ్గర ఆగి మాట్లాడుకోవాలి.

11. అడ్వాన్సు ఇచ్చేముందు

మిగిలిన రెండు ప్రాంతాలకు కనీసం నాలుగు వేర్వేరు వేళల్లో వెళ్ళండి: పనిరోజు ఉదయం, పనిరోజు రాత్రి, సెలవు రోజు సాయంత్రం, వాన పడిన రోజు. రెండు చోట్లా ఒకే వేళకు, అవే ప్రశ్నలతో వెళ్ళాలి. ఒకదాన్ని ఎండలో, ఇంకోదాన్ని చల్లటి సాయంత్రం చూస్తే మీరు పోల్చింది వాతావరణాన్నే. చూసినవి అక్కడికక్కడే ఫోన్‌లో రాసుకోండి. రెండో ఏరియా చూసేసరికి మొదటిది మసకబారుతుంది.

అక్కడ ఉంటున్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు సొంత ఇంటివాళ్ళనే కాక అద్దెకున్నవాళ్ళను కూడా అడగండి. ఇల్లు కొన్నవాళ్ళకు తమ ఏరియాను తక్కువచేసి చెప్పడం కష్టం, అద్దెవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు దొరికితే ఎందుకు వెళ్ళారో తప్పకుండా అడగండి.

అన్నీ చూశాక కూడా మనసు ఊగుతుంటే, ఆ ఏరియాలో ఆరు నెలలకో ఏడాదికో అద్దెకు దిగడం నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ గడిచేలా చూసుకోండి. సామాను రెండుసార్లు మోయాలి, అద్దె ఖర్చవుతుంది, ఈలోపు ధర పెరుగుతుందేమోనన్న భయం ఉంటుంది. ఇరవై ఏళ్ళ అప్పుతో పోలిస్తే ఆ ఖర్చు చిన్నది. అద్దెకు దిగేటప్పుడు ఏరియా పేరు ఒకటైతే చాలదు, మీరు కొనాలనుకున్న వీధికి నడక దూరంలోనే ఇల్లు వెతకండి. ఒకే కాలనీలో ఎగువ వీధికీ పల్లపు వీధికీ నీళ్ళు వేరు, చప్పుడు వేరు, మెయిన్ రోడ్డు ఎక్కడానికి పట్టే నిమిషాలు వేరు.